చదివినవారి గడి

మా మామయ్య గొంతు ఒక్క పుస్తకానికే సరిపోయింది. ఆయన చదివిన ఆ మొదటి ఆడియో పుస్తకాన్ని జనం రెండో అధ్యాయం దాటి వినలేదు. ఆ తర్వాత నాలుగు వందల పన్నెండు పుస్తకాలు అత్తే చదివింది. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేసి, గోడలకు దుప్పట్లు కొట్టిన చిన్న గదిలో చెమటలు కక్కుతూ ఇరవై ఏళ్లు చదివింది. స్టూడియో మాత్రం మామయ్యది. ఫైళ్ల పని వాళ్ల మేనల్లుణ్ణైన నాది.

ప్రతి ఆడియో ఫైలు లోపల కొన్ని గడులుంటాయి. పుస్తకం పేరు, రాసినవారు, చదివినవారు. వినేవాడి ఫోన్లో కనబడేవి అవే. వాటిని నింపే సాఫ్ట్‌వేర్‌ను మా స్టూడియోకు తగ్గట్టు మార్చుకున్నది నేనే. ఆ పనిలో నా అంతవాడు లేడని నాకో గీర.

అత్త గొంతులో గడ్డ ఉందన్నారు. పన్నెండు రోజుల్లో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఇక మాట ఉండదు. ఏడుస్తుందనుకున్నాం. ఏడవకుండా నా గదికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, నేను చదివినవాటిల్లో నా పేరు ఎక్కడా లేదేంట్రా?"

"స్టూడియో పేరుంది కదత్తా."

"స్టూడియోకి నోరుందా? పోయేది నా గొంతు. పేరన్నా మిగలనీ. ఎలా పెట్టాలో చూపించు, నేనే పెట్టుకుంటా."

చూపించాను. అరగంటలో నేర్చేసుకుంది. ఒంటి వేలితో తన పేరు కొట్టి, సేవ్ నొక్కి, మళ్లీ తెరిచి చూసుకుని మురిసిపోయేది. మొదటి రోజు ముప్పై పుస్తకాలు. మర్నాడు చూస్తే ముప్పైలో ఒక్కదాంట్లో కూడా ఆమె పేరు లేదు.

"సాఫ్ట్‌వేర్ పాతదత్తా. అప్పుడప్పుడూ మొండికేస్తుంది" అన్నాను.

అబద్ధం. నాలుగేళ్ల కిందట మామయ్య చెబితే నేనే అందులో ఓ నియమం రాశాను. సాఫ్ట్‌వేర్ మూసిన ప్రతిసారీ అది చదివినవారి గడిలో ఏముంటే అది చెరిపి, స్టూడియో పేరు రాస్తుంది. పక్కనున్న టిక్కు తీసేస్తే చాలు, ఆగిపోతుంది. ఇప్పుడది తీసెయ్యనా అని మామయ్యను అడిగాను.

"వద్దు" అన్నాడాయన, గోళ్లు తీసుకుంటూ. "స్టూడియో అమ్మేస్తున్నా. ఆపరేషన్ రోజే ఫైళ్లన్నీ కొన్నవాళ్లకి వెళ్లిపోతాయి. మనిషి పేరుంటే ఆ మనిషి సంతకం అడుగుతారు. సంతకమంటే మీ అత్త వంద ప్రశ్నలేస్తుంది. ఇంకో పది రోజులు ఓపిక పట్టు, తర్వాత అడగలేదుగా." అని నవ్వాడు. "నీ ఉద్యోగం గురించి కూడా వాళ్లతో చెప్పాన్లే."

నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉద్యోగం మాత్రం చేస్తూనే ఉన్నాను.

నాలుగో రోజు అత్త వెళ్లాక చూస్తే టిక్కు తీసేసి ఉంది. నేను చూపించని మెనూలన్నీ వెతికి తనే పట్టుకుంది. చప్పుడు చెయ్యకుండా మళ్లీ పెట్టేశాను. ఐదో రోజు మళ్లీ తీసింది, మళ్లీ పెట్టాను. రోజూ ఇదే తంతు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. గొంతు రోజురోజుకీ బొంగురుపోతోంది, అయినా వచ్చి మొదటి పుస్తకం నుంచీ మొదలుపెట్టేది. మామయ్య గుమ్మంలో నిలబడి, "గొంతుతో పాటు మతీ పోతోందే నీకు" అనేవాడు. ఆవిడ తలెత్తేది కాదు.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజంతా, ఆ రాత్రంతా కదలకుండా కూర్చుని, తెల్లారేసరికి నాలుగు వందల పన్నెండూ పూర్తి చేసి, టిక్కు తీసి లేచింది.

"ఇంక చెరిగిపోదు కదరా?"

"పోదత్తా. నాదీ పూచీ."

"సరే నాన్నా" అంది. నేను విన్న ఆమె ఆఖరి మాట అదే. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. కారు మలుపు తిరిగేలోగా టిక్కు పెట్టి, మూసి, ఫైళ్లు పంపించేశాను.

మూడు వారాలకు అత్త మెడకు గుడ్డ చుట్టుకుని నా గదికొచ్చింది. ఫోన్ నా ముందు పెట్టింది. ఆమె పుస్తకమే, చదివినవారు అన్నచోట స్టూడియో పేరు. నేను సాఫ్ట్‌వేర్ పాతదంటూ మొదలుపెట్టాను. ఆమె వినకుండా మౌస్ లాక్కుని, సూటిగా ఆ నియమం దగ్గరికెళ్లి టిక్కు తీసింది. తర్వాత ఓ పుస్తకం తెరిచి, చదివినవారి గడిలో ఒంటి వేలితో కొట్టింది.

'రోజూ మళ్లీ పెట్టింది మామయ్యేనా?'

మామయ్యకు కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. కాదని చెప్పడానికి నాకు నోరుంది, మాటుంది.

అవునని తలూపాను.

 అత్త టిక్కు తనే మళ్లీ పెట్టి, సాఫ్ట్‌వేర్ మూసేసి, కుర్చీ దాని చోట దానికి జరిపి వెళ్లిపోయింది.