శాంతి కూత

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. ఊరు దాన్ని ఎప్పుడో మింగేసి, సైరనమ్మ అని కొత్త పేరు పెట్టుకుంది. యుద్ధం సాగిన అయిదేళ్ళూ అగ్నిమాపక కేంద్రం టవరు మీద నిలబడి, ఇనుప పిడి తిప్పి సైరన్ కూయించింది ఆమే. పిడిని జోరుగా తిప్పి, వదిలి, మళ్ళీ తిప్పితే కూత లేచి పడుతుంది, పడి లేస్తుంది. అది ప్రమాదం. జనం దాన్ని ఏడుపు కూత అనేవారు. పిడిని ఒకే వేగంతో ఆపకుండా తిప్పితే కూత తీగలా సాగుతుంది. గండం గడిచిందని దానర్థం. అది ఊపిరి కూత. ఏడుపు కూతకు నేలమాళిగల్లోకి దిగడం, ఊపిరి కూతకు వీధిలోకి ఎక్కిరావడం. అయిదేళ్ళ ఆ ఊరి బతుకంతా ఆ మెట్ల మీదే అరిగిపోయింది.

నలభై ఏళ్ళు గడిచాయి. ఏ కూతకు ఏ అర్థమో గుర్తున్నవాళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కకు మిగిలారు. యుద్ధం ముగిసిన రోజును ఈసారి ఘనంగా జరపాలని పురపాలక కార్యాలయం తలపెట్టింది. ఉత్సవ కమిటీ గుమాస్తా ఆమెను పిలిపించి, కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు.

"పెద్దమ్మా, ఆ రోజు శాంతి కూత మోగించిన చెయ్యి మీది. మళ్ళీ ఆ చెయ్యే మోగించాలి. సరిగ్గా పదింటికి. మూడు నిమిషాలు చాలు. ఓపిక ఉంది కదా?"

"ఓపికకేం బాబూ, చచ్చేదాకా ఉంటుంది. నా అర్జీ ఏమైందో చెప్పు."

గుమాస్తా ముఖంలో నవ్వు గూట్లోకి వెళ్ళిపోయింది. ఆ అర్జీ ఏటేటా వచ్చేదే. నాలుగు వీధుల కూడలిలో రాతి పలక ఉంది. దాని మీద యుద్ధంలో పోయిన ఊరివాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి, ఆమె చెల్లెలి పేరు తప్ప.

"ఫైలు చూశాను పెద్దమ్మా. యుద్ధం ముగిసింది పదింటికి. మీ చెల్లెలుగారు పోయింది పదీ ఇరవైకి. అప్పటికి యుద్ధమే లేదు కదా!"

"లేని యుద్ధం బాంబెలా వేసిందయ్యా?"

"ఆ విమానానికి కబురు అంది ఉండదు."

"మరి మా పిల్ల దేనివల్ల పోయినట్టు?"

అతను కాగితం తిప్పి చూశాడు. "ప్రమాదవశాత్తు... గోడ కూలి, అని ఉంది."

"నూరేళ్ళు నిలబడ్డ గోడకి ఆ పూటే కూలబుద్ధి పుట్టిందన్నమాట!"

గుమాస్తా తల గోక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మెత్తనివాడు, అందుకే ఎటు వంచితే అటు వంగుతాడు. "పలక కింద జానెడు ఖాళీ ఉంది పెద్దమ్మా. కార్యదర్శిగారితో మాట్లాడాను, సరేనన్నారు. సభలో చదువుతారు. మీరు మాత్రం కాదనకండి."

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనరు కదా?"

"అయ్యో, ఎంత మాట!"

ఆమె మాట ఇచ్చింది. మాట పుచ్చుకుంది.

తిరిగి వస్తూ మరిది కొట్టు ముందు ఆగింది. చెల్లెలి భర్త అతను, కుర్చీలు అల్లుతాడు. ఆ రోజు కూలిన గోడ అతని భార్యను తీసుకుని, అతన్ని వదిలేసింది. వదిలేస్తూ కళ్ళు మాత్రం పట్టుకుపోయింది. వేళ్ళతో బెత్తం బద్దల దారి వెతుక్కుంటూ అల్లుతున్నాడు. సభకోసం నలభై కుర్చీలు అతనే అల్లాడు.

"పేరు చెక్కిస్తారట మరిదీ," అంది ఆమె గుమ్మంలోంచే.

అతని వేళ్ళు ఆగలేదు. "ఆ పూట ఫోను మోగలేదా వదినా?"

నలభై ఏళ్ళుగా ఆమెను అతను అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. బాగున్నావా అని అడగడు, కూర్చో అని అనడు.

"వినబడలేదు," అంది ఆమె. నలభై ఏళ్ళుగా ఆమె చెప్పేదీ ఆ ఒక్క మాటే.

అది అబద్ధం కాదు. నిజంలో సగం. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఉదయం నుంచీ టవరు గదిలో ఫోను మోగుతూనే ఉంది. అయిదేళ్ళూ ఆ గంట వినగానే ఆమె ఫోను ఎత్తి, పిడి వైపు ఉరికేది. కొండ మీది కాపలా గది నుంచి వచ్చే ఫోను అది; విమానం కనబడిందంటేనే మోగేది. ఆ ఒక్క ఉదయం మాత్రం ఎత్తినప్పుడల్లా నవ్వులు, కేకలు, శుభాకాంక్షలు. పదింటికి పై అధికారి వచ్చాడు. "గంటసేపు ఊపిరి కూత! ఒక్క క్షణం కూడా తగ్గకూడదు!" అని చెప్పి, దిగి, జనంలో కలిసిపోయాడు. ఆమె పిడి అందుకుంది. కింద వీధి నిండా మనుషులు. చెల్లెలు పసుపుపచ్చ చీర కట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని, పైకి చూసి చెయ్యి ఊపింది. ఈమెకు ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు. తల ఊపింది.

పదీ పదిహేడుకో పద్దెనిమిదికో గోడ మీద ఫోను గంట సుత్తి అటూ ఇటూ కొట్టుకుంది. కూత హోరులో చప్పుడు లేదు. సుత్తి కొట్టుకోవడం మాత్రం కళ్ళారా చూసింది. ఇంకెవరో సంతోషం పట్టలేక చేస్తున్నారనుకుంది. ఫోను వైపు చూసి నవ్వింది కూడా. పిడి ఆపలేదు. చాలాసేపు కొట్టుకుని సుత్తి ఆగిపోయింది. అప్పటికీ ఆమె నవ్వుతూనే ఉంది. ఊపిరి కూత ఆకాశమంతా పరుచుకుని ఉంది కనుక, పైన వస్తున్న ఇంజను మోత వీధిలో ఏ ఒక్క చెవికీ చేరలేదు.

సభ రోజున ఆమె తెల్లచీర కట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని టవరెక్కింది. పిడికి కొత్త రంగు వేశారు. కిటికీలోంచి కూడలి అరచేతిలా కనబడింది. ముందు వరసలో, తానల్లిన కుర్చీలోనే, మరిది కూర్చున్నాడు. తల నిటారుగా ఉంది. వింటున్నాడు.

మైకులో కార్యదర్శి గొంతు. "మిత్రులారా, ఆ ఉదయం పదింటికి ఈ టవరు మీంచి శాంతి కూత మోగింది. ఆ తర్వాత ఈ నేల మీద ఒక్క రక్తపు బొట్టు కూడా రాలలేదు!"

చప్పట్లు. పలక మీది తెర లాగారు.

"పలక కింద నేడు కొత్తగా చెక్కించిన అక్షరాలు చదువుతున్నాను."

ఆమె పిడి మీద చెయ్యి వేసి కిటికీ వైపు వంగింది. "నలభయ్యవ శాంతి ఉత్సవ కమిటీ," అన్నాడు కార్యదర్శి. అధ్యక్షుడి పేరు చదివాడు. తన పేరు చదువుకున్నాడు. సహాయ కార్యదర్శి, సభ్యుడు, మరో సభ్యుడు, మరో సభ్యుడు. జానెడు ఖాళీ నిండిపోయింది. "ఇప్పుడు శాంతి కూత!"

గుమాస్తా కింది నుంచి రుమాలు ఊపాడు. పైకి మాత్రం చూడలేదు.

ఆమె పిడి తిప్పింది. బలమంతా పెట్టి తిప్పింది. కూత లేచింది. వదిలేసింది. కూత కుంగింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ వదిలింది. నలభై ఏళ్ళ కిందట తిప్పవలసిన తిప్పు, వదలవలసిన వదులు. ఏడుపు కూత కప్పుల మీద లేచి పడింది, పడి లేచింది. పరుగెత్తండి, దిగండి, దాక్కోండి.

కింద జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు కూత లయకు తలలూపారు. ఒక తల్లి చంటిబిడ్డను భుజానికెత్తి టవరు చూపించింది. ఒక్క మనిషి మాత్రం నిలబడలేదు. మరిది నేల మీద బోర్లా పడి, తలను రెండు చేతులతో కప్పుకుని, కుర్చీ కిందికి పాక్కుంటూ, పక్కన లేని మనిషి కోసం ఒక చెయ్యి చాచి తడుముతున్నాడు.

"ముసలాయన తూలిపడ్డాడు, పట్టుకోండి!" అన్నారెవరో. ఎవరో నవ్వారు కూడా.

ఆమె పిడి వదిలేసింది. కూత దానంతటదే కుంగి, మూలిగి, ఆగింది. మెట్లు దిగి, జనాన్ని తోసుకుని, అతని పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"మోగిందన్నమాట ఫోను," అన్నాడతను, ముఖం దుమ్ములోంచి ఎత్తకుండానే.

"మోగింది. సుత్తి కొట్టుకోవడం చూశాను. శుభాకాంక్షలనుకున్నాను మరిదీ. నవ్వాను."

అతని వేళ్ళు కుర్చీ అల్లికను వెతికి పట్టుకున్నాయి.

"ఇంత బాగా వచ్చిన కూత," అన్నాడు చివరికి, "ఆ రోజెందుకు రాలేదు వదినా?"

ఈలోగా గుమాస్తా పూలగుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"పెద్దమ్మా, అదరగొట్టేశారు! ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయంటే నమ్మండి. కార్యదర్శిగారు ఇక ఏటా శాంతి కూత ఇలాగే మోగించాలన్నారు. సరిగ్గా ఇలాగే, లేచి పడుతూ!"