పెదవుల పంచాయితీ

మగ్గాల మధ్య పెరిగినవాళ్ళకి మాటకి చప్పుడుతో పనిలేదు. ఇంగ్లండులో లాంకషైర్‌లోనూ అంతే, సముద్రం దాటి అమెరికాలో ఫాల్ రివర్ వచ్చాకా అంతే. మిల్లు హోరులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు. అందుకని చప్పుడు లేకుండా పెదవులు సాగదీసి, ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట్లాడుకోవడం వాళ్ళకి ఉగ్గుపాలతో అబ్బింది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. పరాయివాళ్ళు వచ్చినప్పుడు మరీ పనికొచ్చేది.

ఆ ఆదివారం టీకి వచ్చిన పరాయివాడు ఓరిన్. ఇంటింటికీ మంచుదిమ్మెలు అమ్మే బండి తోలతాడు. ఆ ఇంటి అమ్మాయి టేమర్ చేసుకుంటే అతన్నే చేసుకుంటానంది. మగ్గం ఎరగనివాడికి పిల్లనివ్వనని ఆమె తండ్రి ఈనాక్ భీష్మించుకున్నాడు.

ఓరిన్ మాంసం కూరిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, బల్ల చుట్టూ పెదవులు కదలడం మొదలైంది. వినబడేది చెంచాల చప్పుడే.

"ఆ చెవులేంటే, జాడీకి పిడుల్లాగా!" అన్నాడు ఈనాక్.

"నన్ను చేసుకున్ననాడు నీకేముందంట? చెక్కజోళ్ళు, అవీ మీ అన్నవి," అంది అతని భార్య ఫీబీ.

"మంచు అమ్ముకునేవాడు చలికాలం ఏం తింటాడు?"

"నాన్నా, నీకు దణ్ణం పెడతా, ఆపు!" అంది టేమర్. ఓరిన్ బుద్ధిగా బీట్‌రూట్ పచ్చడి వడ్డించుకుంటున్నాడు. పాపం, పిచ్చిమారాజు అనుకుంది.

"మన మాట వాడికి రాదు. జన్మంతా మన మధ్య గోడలా కూర్చుంటాడు. నేనొప్పుకోను, అంతే!"



ఓరిన్ ముక్క మింగి, మూతి తుడుచుకుని, ఈనాక్ కేసి తిరిగాడు. చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

"చెవులు మా నాన్నవండి. చలికాలం బొగ్గులు తోలతాను. మా అమ్మకి చిన్నప్పుడే జ్వరంలో వినికిడి పోయింది, అందుకని ఈ మాట నాకొచ్చు."

ముగ్గురి నోళ్ళూ తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" టేమర్ పైకే అడిగేసింది.

"చెప్తే నువ్వూ పెదవులతోనే మాట్లాడతావు. నాకు నీ గొంతు వినాలనుంటుంది మరి."

టేమర్‌కి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఈనాక్ కందగడ్డలా ఎర్రబడ్డాడు.

"మీ అమ్మతో ఎంతమంది మాట్లాడతారు?" అన్నాడు, పెదవులతోనే.

"నేనొక్కణ్ణేనండి."

"వచ్చే ఆదివారం ఆవిణ్ణి కూడా తీసుకురా. ఇక్కడ నలుగురం ఉన్నాం."

టేమర్ లెక్కపెట్టింది. అమ్మ, నాన్న, తను. నాలుగోవాడు మళ్ళీ పచ్చడి గిన్నె అందుకుంటున్నాడు.