తలుపు తీయని స్టేషన్

భార్య సుహాసిని పోరు పడలేకే గజేందర్ ఆ స్టేషన్ చూడడానికి బయల్దేరాడు. వరల్డ్ కప్ నాటికి దోహాలో మెట్రో నడవాలి. అందుకని కంపెనీ అతన్ని, కొత్త పెళ్లికొడుకని కూడా చూడకుండా, రైళ్ల మరమ్మతు ట్రైనింగ్‌కి జపాన్ పంపింది. అక్కడి ట్రైనర్ తన ఊరి స్టేషన్ గురించి చెప్పాడట. ఒకప్పుడు కొండల్లోంచి కలప దించడానికి కట్టారు. కలప అయిపోయింది, బడి మూతపడింది, స్టేషన్ మాస్టరు ఉద్యోగమూ పోయింది. ఇప్పుడక్కడ టికెట్ ఇచ్చే దిక్కు లేదు. అయినా ఊరి ముసలమ్మలు వంతులేసుకుని ఊడుస్తారు, చలికాలం బెంచీ మీద తాము కుట్టిన దిండ్లు పరుస్తారు. ఆ దిండ్ల మాట వినగానే సుహాసిని ప్రాణం అక్కడే చిక్కుకుంది. ఆదివారం సెలవేగా, వెళ్లి ఫోటో పంపమని వెంటపడింది.

ఫోటో రాలేదు. ఫోనూ కలవలేదు. దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో సుహాసిని ఉండే విల్లా గదిలో ఉప్మా మాడిపోయింది. మర్నాడు పొద్దున అతనికి ఆఖరి పరీక్ష. అది తప్పితే డ్యూటీ ఉండదు, డ్యూటీ లేకపోతే ఆమె వీసా ఉండదు. ఆ కొండల్లో చీకటి పడ్డాక రైళ్లుండవని కూడా అతనే చెప్పాడు. జపాన్‌లో ఈపాటికి పొద్దు వాలుతుంటుంది.

పక్క గదిలో ఉండే కడప మనిషి మాబున్నీసా వచ్చి పక్కన కూర్చుంది. "ఏం కాదులేమ్మే. రైళ్లు బాగుచేసేవోడు రైల్లోనే తప్పిపోతాడా యాడైనా?" అంది.

ఆ మాట నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. సుహాసిని కంగారులో స్పీకర్ నొక్కేసింది.

జరిగింది అచ్చం అదే. గజేందర్ వెనక డబ్బాలో కూర్చున్నాడు. స్టేషన్ వచ్చింది, దిండ్లు కూడా కనిపించాయి. దోహాలో ట్రయల్ రైళ్లకు లాగే తలుపు దానంతటదే తెరుచుకుంటుందని బుద్ధిగా నిలబడ్డాడు. సిబ్బంది లేని స్టేషన్లో టికెట్లు చూసుకునేది డ్రైవరే కాబట్టి, ముందు డబ్బా తలుపొక్కటే తీస్తారు. రైలు కదిలిపోయింది. ఆ తర్వాత అన్నీ సొరంగాలే, సిగ్నల్ లేదు. లైను చివరిదాకా వెళ్లిపోయాడు.

"ఇప్పుడేడున్నవ్ బావా?"

"తిరుగు రైల్ల. డ్రైవరే తన ఎన్క సీట్ల కూసోబెట్టిండు. చీకటి గాకముందే హాస్టల్ చేరుత."

సుహాసినికి అప్పటిదాకా బిగబట్టిన ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"నీ స్టేషన్ మల్లొస్తుంది. దిగమంటవా?"

"దిగితే సంపుత."

"సరే తియ్. ఈ ముచ్చట మాత్రం ఎవ్వలకు చెప్పకు."

చెప్పనని ఒట్టేసింది. అప్పటికే స్పీకర్లో అంతా విన్న మాబున్నీసా నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ పట్టుకుంది.