కత్తెర కంటే ముందే ఎర్రగీత

జమ్మలమడుగులో ఖాతూన్‌బీ నలభై ఏండ్లుగా జాకెట్లు కుడుతోంది. ఊరు విడిచి ఎవరు బస్సెక్కినా ఆమెకు గుబులే. మొగుడు కువైట్ పోయి తిరిగి రాలేదు. చెల్లెలు పెండ్లయి దూరమైంది. ఇప్పుడు మనవరాలు షాహిస్తా వంతు. శుక్రవారంలోగా, మూడు ఊళ్లలో శాఖలున్న ప్రొద్దుటూరు బట్టల దుకాణానికి జాకెట్ల కొలతలు తీసుకునే వెబ్‌సైటు చేసి చూపిస్తే ఇంటి నుంచే పని. లేకుంటే సోమవారం బెంగళూరులో ఉద్యోగానికి చేరాలి.

గురువారం పొద్దున కంప్యూటరు నిండా ఎర్రగీతలు. ఇవేందని ఖాతూన్‌బీ అడిగితే షాహిస్తా విసుక్కుంటూనే చెప్పింది. కొత్తగా నేర్చుకున్న ఈ భాష పేరు టైప్‌స్క్రిప్ట్ అంట. ఏ గడిలో అంకె ఉండాలో, ఏ గడిలో పేరుండాలో దానికి ముందే చెప్పిపెట్టాలి. తప్పితే సైటు నడవకముందే, రాసేటప్పుడే గీత గీసి చూపిస్తుంది. పాత భాషైతే అప్పటికి ఊరకుండి, కొనేవాళ్ల ముందర పరువు తీస్తుంది.

"అయితే మన ఆది జాకెట్టే కదమ్మీ" అంది ఖాతూన్‌బీ. సరిపోయే పాత జాకెట్టును గుడ్డ మీద పరిచి చూసుకోకుండా ఆమె ఏనాడూ కత్తెర పట్టలేదు.

గీతలన్నిటికీ మూలం ఆ దుకాణం పులివెందుల శాఖ నుంచి వచ్చిన కొలతలు. అక్కడి దర్జీ గుల్జార్‌బీ చేతి పొడుగు రాయాల్సిన చోట సగం మందికి "పోయినసారి మాదిరే" అని రాసి పంపింది.

"ఎనీ అని పెడితే సాలు నానీ, ఏదున్నా సరేనంటాది. గీతలన్నీ పోతాయి. రేపటికి అయిపోతాది" అంది షాహిస్తా.

ఖాతూన్‌బీ లెక్కేసుకుంది. తాను నోరు మూసుకుంటే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. మిషను దగ్గరికి పోయి కూర్చుంది, నాలుగు కుట్లు వేసింది, మళ్లీ లేచి వచ్చింది.

"గీత పోతాది సరే, తప్పు యాడికి పోతాదిమే? ఎవురి పెండ్లి గుడ్డో పాడైతాది."

"మరి ఆయమ్మ అంకె రాయదే."

"అంకె లేకుంటే ఆది జాకెట్టు పంపమను. రెండిట్లో ఒకటి. మూడోది ఒప్పుకోవద్దు."

షాహిస్తా మళ్లీ కంప్యూటరు ముందుకు జరిగింది. ఆ భాషలో అట్లా రాయొచ్చంట: అంగుళాలు, లేదంటే ఆది. అట్లా రాయగానే, ఆది వస్తే ఏం చేయాలో తాను మరిచిన తావులన్నీ అదే పట్టిచ్చింది. అవి దిద్దేసరికి శుక్రవారం దాటేట్టు ఉంది. దుకాణానికి ఫోన్ చేసి ఇంకొక్క రోజు అడుక్కుంది.

శనివారం ప్రొద్దుటూరులో దుకాణం యజమాని కమాల్ బాషా, అలవాటు కొద్దీ, కొలత గడిలో "పాతదాని మాదిరే" అని కొట్టాడు. సైటు ఒప్పుకోలేదు. ఆది జాకెట్టు ఏ శాఖలో ఇస్తారని అడిగింది. మంచి దర్జీ ఎవరైనా ఇదే కదా అడిగేది అని నవ్వి, మూడు ఊళ్ల పనీ షాహిస్తాకే ఇచ్చాడు.

సాయంత్రం ఆ కబురు విని ఖాతూన్‌బీ అల్లాకు శుక్రియా చెప్పుకుంది. మనవరాలి తల నిమిరింది. ఇంకా ఎవరికో శుక్రియా చెప్పాల్సింది మిగిలిపోయినట్టే ఉంది.

"ఆ భాష చేసినోళ్లు యాడుండారో ఏమో. వాళ్ల బిడ్డలు వాళ్ల కండ్ల ముందరే ఉండాల" అంది.