తుప్పు చుక్కలు

తెల్ల చీరల మీద తుప్పు చుక్కలు చూసి శేఠ్ మూటను మా అమ్మ ముందు విసిరికొట్టాడు. ఇంకొక్క చీర ఇలా పాడైతే పని ఇవ్వనన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరుగాని ఊళ్లో, ఈ లింబాయత్ బస్తీలో, ఒంటి గదిలో కూర్చుని చీరలకు లేసు కుట్టడం తప్ప అమ్మకు వేరే ఆధారం లేదు. మరకలు ఆమె అలవాటు వల్లే వచ్చాయి. నేత ఇంట్లో పుట్టిన మనిషి, గుడ్డ మీద గుప్పెడు నీళ్లు చిలకరించనిదే మడత పెట్టదు. ఇక్కడ ఆ నీళ్లు బోరువి.

"నీళ్లు అద్దం లెక్క ఉన్నయి గదనే సంధ్యా," అంది.

చిలకరించడం మానెయ్యమన్నాను.

"తడి లేకుంట మడిస్తె నలిగిందని వాపసు పంపుతడు."

అప్పుడు నా పదకొండో తరగతి పుస్తకంలోది చెప్పాను. భూమి కరిగిన ముద్దగా ఉన్నప్పుడు ఇనుములో ఎక్కువ భాగం బరువుకి నట్టనడుమకు దిగిపోయింది. మిగిలింది పైపొర రాళ్లలో, మట్టిలో ఉండిపోయింది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు. మా బోరు దిగినచోట ఎక్కువుంది. లోపల గాలి తగలదు కాబట్టి నీళ్లలో కరిగి కనిపించదు. బయటికొచ్చి గాలి తగిలాక తుప్పవుతుంది.

ఇద్దరం మేడ మీదికి వెళ్లాం. ఇంటి ఓనరు ఓంప్రకాష్ మా జిల్లావాడే, ఒకప్పుడు మా నాన్న పక్క మగ్గం మీదే పనిచేసినవాడు. ఆయనకూ ఇదే చెప్పి, మాకు మంచి నీళ్లు కావాలన్నాను. నవ్వాడు.

"నీ బిడ్డనే చెప్పవట్టె గద చెల్లె. భూమిల ఇనుముంటె నేనేం జేస్త? పోయి భూమితోని కొట్లాడు."

నేను చదివిన పాఠాన్నే మా మీదికి తిప్పాడు. అమ్మ మాత్రం తీగ మీద ఆరుతున్న ఆయన తెల్ల లాల్చీలను చూస్తోంది. ఒక్క చుక్క లేదు. పక్కనే మున్సిపాలిటీ కొళాయి ఉంది. ఆ లైను మేడకే, కింది గదులకు బోరు.

"ఇనుము భూమి పంచింది, సరే అన్నా," అంది అమ్మ. "ఈ నల్లా ఎవరు పంచిన్రు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. అమ్మ కిందికెళ్లి కొత్త మూట ఎత్తుకొచ్చింది. కొళాయి పక్కన చాప పరిచి, మొదటి చీర విప్పి, దోసిట్లో నీళ్లు పట్టి చిలకరించింది.

"రేపే గది ఖాళీ చెయ్యి," అన్నాడు ఓంప్రకాష్.

"మూట అయినంక చేస్త," అంది అమ్మ తల ఎత్తకుండా. "జర పక్కకు జరుగు, చీర తొక్కుతున్నవ్."