నిరంజనసిద్ధుని రెండు సమాధులు

ఆషాఢము కడచి శ్రావణము ప్రవేశించెను. సహ్యాద్రిశిఖరములఁ గురిసిన వర్షధారలచే నుప్పొంగి యెఱ్ఱనినీటిపై నురుగులు గ్రక్కుచు నుభయతీరతరువులను వేళ్లతోఁ బెకలించి తెచ్చుచున్న తుంగభద్ర యుదయసంధ్యాకాలమున మేఘచ్ఛన్నమైన యాకాశము క్రింద దిగంతములు మాఱుమ్రోయునట్లు ఘోషించుచుండెను. ఆ ఘోష నడుమ గట్టు విఱిగి నీటఁ గూలు చప్పుడు వినవచ్చుచుండెను. విఱుగుచున్న యా గట్టుమీఁదనే నిరంజనసిద్ధుని సమాధి యున్నది.

ఉన్నదని తీరవాసు లనిరి. లేదని కొండమఠమువా రనిరి. పూర్వకాలమున శివైక్యమునొందిన యా మహనీయుఁడు తమ మఠప్రాంగణమునఁ జెక్కుడురాతి మంటపము క్రింద నున్నాఁడనియు నేటియొడ్డుననున్నది యెవఁడో పసులకాపరిని బూడ్చిన దిబ్బయనియు వారి వాదము. ఒక్క దేహమునకు రెండు సమాధు లెట్లు గలిగెనో యా సిద్ధునకే యెఱుక! వివాదము దీర్చుటకై యుభయపక్షములవారును జ్ఞానవృద్ధుఁడగు మరుళారాధ్యుని రావించిరి. పండితులు గుమిగూడి ప్రమాణములు వల్లించి యొకరి మాట నొకరు ఖండించి ప్రొద్దు నడినెత్తి కెక్కఁగానే భోజనమునకు లేచుచుండిరి. నది మాత్రము భోజనమునకు లేవలేదు.

ఆ సభలో నొకమూలఁ గూర్చుండి యన్నియు వినుచున్నవాఁడు రేవణయ్య. తాతముత్తాతలనాఁటినుండి తీరసమాధికి దీపము పెట్టుచున్న జంగమకుటుంబమున నతఁడే కడపటి పురుషుఁడు. భార్య గతించినది. కూఁతురు నీలమ్మ యొక్కతె తోడు. సమాధి సత్యమని తేలినచో దానిని మిట్టకుఁ దరలించుటకు గ్రామస్థులు సిద్ధముగా నుండిరి. అసత్యమని తేలినచో నదికి వదలివేయవలసినదే. అట్లయినచోఁ దానును దనవారును నింతకాలము మ్రొక్కినది దేనికను దిగు లతనికి నిద్రాహారములు లేకుండఁ జేసెను.

మరుళారాధ్యుఁ డెల్లవాదములు విని తుదకు నిర్ణయము చెప్పెను. గతించిన వీరశైవుని గూర్చుండఁబెట్టి యతఁడు బ్రదికినన్నినాళ్లు వక్షమున ధరించిన యిష్టలింగము నెడమయఱచేత నుంచి మంటిగూటిలోఁ బూడ్చుట యాచారము. అస్థులు మన్నైనను లింగము మన్ను గాదు. కావున నా గూటిలో లింగము దొరకిన సమాధి సత్యము. దొరకనిచో వివాదము ముగిసినట్లే. లోనికి దిగు నధికారము దీపము పెట్టువానిదే.

గ్రామస్థులు సమాధిని ద్రవ్వఁగా రేవణయ్య శివనామము స్మరించి గోతిలోనికి దిగెను. నదీజలము క్రిందినుండి తొలుచుకొనివచ్చి గూటి నంతయు బురదగావించి యుండెను. అతఁడు మోకాళ్లపైఁ గూలఁబడి మూలమూలల వ్రేళ్లతోఁ గెలికెను. ఎముక లేదు. లింగము లేదు. ఒకప్పు డుండి కొట్టుకొనిపోయెనో తొలుతనుండియు లేకయే యుండెనో చెప్పుటకును వీలు లేదు. ఏమైన దొరకెనాయని పైనుండి పిలుచుచుండిరి.

వక్షమునుండి లింగము తొలఁగిన వీరశైవుఁడు దానిని మరలఁ బొందువఱకు నన్నోదకములు ముట్టరాదు. శాశ్వతముగాఁ గోలుపోయినవాఁడు ప్రాణములు విడువవలయునని నిష్ఠాపరుల నియమము. రేవణయ్య యీ నియమము నెఱిఁగియే తన ఱొమ్ముననున్న పట్టుగుడ్డ ముడి విప్పెను. లింగమును గన్నుల కద్దుకొని బురద పూసి పైకి వచ్చెను.

కొండమఠమువారు ప్రమాణము చేయుమని పట్టుపట్టిరి. అతఁడు లింగముపైఁ జేయి యుంచి “ఇది నా ప్రాణము. ఆ గూటిలోనుండియే దీనిని బైకిఁ దెచ్చితిని” అనెను. మరుళారాధ్యుఁడు సమాధి సత్యమని ప్రకటించెను. తీరవాసులు జయజయధ్వానములు చేసి యా సాయంకాలమే మిట్టమీఁదఁ గ్రొత్తగూడు త్రవ్వి లింగమును సిద్ధుని యవశేషముగా నందు నిలిపిరి.

ఆనాఁటినుండి రేవణయ్య పచ్చిమంచినీరైన ముట్టలేదు. కడుపులో బాధయని యడిగినవారితో ననెను. కన్నబిడ్డకుఁ గడుపుబాధ యని చెప్పిన నమ్మునా? ఉదయమున లింగపూజకుఁ గూర్చుండని తండ్రిని జూచి నీలమ్మ యంతయు గ్రహించి యతని పాదములపైఁ బడెను.

“నాయనా, ఆరాధ్యులవారితో నిజము చెప్పుదము. ఆయన వేఱొక లింగము కట్టును. నీవు లేక నే నెవరి ముఖము చూచి బ్రదుకుదును?”

“చెప్పినచో రేపే యా సమాధిని బెల్లగింతురు తల్లీ. మన పెద్ద లందఱు వట్టిమంటికి మ్రొక్కినవా రగుదురు.”

“వట్టిమన్నే యేమో నాయనా.”

“ఏమో. ఆ యేమోతో నేను బ్రదుకలేను.”

ఆమె పాలగిన్నె యతని పెదవులకు సోకించెను. అతఁడు మొగము ద్రిప్పుకొనెను. ఏడ్చి యేడ్చి యామెకుఁ గన్నీరును గఱవయ్యెను. కొన్నాళ్లకు రేవణయ్య గోడ కానుకొని కూర్చున్నవాఁడు కూర్చున్నట్లే కన్ను మూసెను.

అంత్యసంస్కారమునకు మరుళారాధ్యుఁడే వచ్చెను. ఇష్టలింగము నఱచేత నుంచుటకై మృతుని ఱొమ్ముపై గుడ్డ విప్పెను. గుడ్డలో నేమియు లేదు. గ్రామస్థులు దూరముగా నిలిచియుండిరి. ఆయన నీలమ్మవంకఁ జూచెను. ఆమె తల వంచుకొనెను. తాను విధించిన పరీక్ష యొక ప్రాణమును మ్రింగెనని యా వృద్ధుని కప్పుడు తెలిసెను. గుడ్డ మరల ముడివైచి లేచి నిలిచెను.

“సిద్ధునకు దీపము పెట్టినవాఁడు సిద్ధుని గూటనే కూర్చుండును” అని యాజ్ఞాపించెను. ఎవ్వరును గాదనలేదు. మిట్టమీఁది గూడు మరలఁ దెఱవఁబడెను. ఆరాధ్యుఁడు దాను మాత్రమే లోనికి దిగి రేవణయ్య నందుఁ గూర్చుండఁబెట్టి యతని లింగము నతని యెడమచేతఁ బెట్టి విభూతితోను బిల్వదళములతోను గప్పివేసెను.

ఆ శ్రావణముననే పాతగట్టు నదిలోఁ గలసిపోయెను. కొండమఠమువారు తమ మంటపమునకుఁ గ్రొత్తసున్నము వేయించుకొని నేఁటికిని వాదించుచునే యున్నారు. మిట్టమీఁది సమాధికి నీలమ్మ దీపము పెట్టుచున్నది. దూరదేశములనుండి వచ్చిన యాత్రికులు సాష్టాంగపడి లేచి “అమ్మా, సిద్ధునిది నిజముగా నిదియేనా?” యని యామె నడుగుదురు. ఆమె వత్తి నెగఁద్రోయుచు “లోనఁ గూర్చున్నవానిని నే నెఱుఁగుదును” అని మాత్రము చెప్పును.