ముందే పెట్టిన టిక్కు

కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలు మళ్లీ వచ్చాయి: ‘ధ్రువీకరణ గడిలో టిక్కు పెట్టండి.’ కిషన్‌లాల్ కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని చూశాడు. గడిలో టిక్కు నిక్షేపంలా ఉంది.

దమ్మపేట బస్టాండు పక్క ఆన్‌లైన్ సెంటర్లో ఆయనకిది పదో ఏడు. అంతకుముందు పదిహేనేళ్లు అదే వీధిలో టైపుమిషను. కూర్చుని కూర్చుని కుడి భుజం కిందికి వాలిపోయింది. ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ‘ఆన్‌లైన్ సారు’.

ఎదుట స్టూలు మీద అడవి పక్క ఊరి భీమక్క. కూతురు సమ్మక్కకు హాస్టలు బడిలో సీటు కోసం వచ్చింది. గడువు ఈ సాయంత్రం ఐదింటి దాకే. పోయినేడు సీటు రాలేదు. ఈసారీ తప్పితే పిల్ల పామాయిల్ తోటల్లో రాలిన కాయలు ఏరడానికి పోవాల్సిందే.

“ఏమైంది సారూ? నా పిల్లది తీసుకుంటలేదా?”

“తీసుకుంటది. ఆగు, దీని సంగతేందో చూద్దాం.”

ఇంకొకరైతే సర్వర్‌ను తిట్టి చాయ్‌కి పోయేవారు. కిషన్‌లాల్‌కు ఇలాంటి తిరకాసు దొరికితే పండగే. టిక్కు తీసి, మళ్లీ పెట్టి, ‘సరిచూడు’ నొక్కాడు. ఎర్ర అక్షరాలు పోయాయి. ఊరి పేరులో ఒక అక్షరం మార్చి నొక్కాడు. మళ్లీ వచ్చాయి! ఈ ఏడు కొత్తగా, టిక్కు పెట్టాక ఏ వివరం ముట్టుకున్నా అది చెల్లదన్నమాట. తెర మీద గుర్తు మాత్రం చెదరదు.

ఆయనేమో ముందు టిక్కు పెట్టి, తర్వాతే వివరాలు ఎక్కిస్తాడు. టైపుమిషను నాటి అలవాటు. అడవి ఊళ్లవాళ్లకు బస్సు తప్పుతుందని ఖాళీ కాగితం మీదే వేలిముద్ర వేయించుకుని పంపేసేవాడు, విషయం తీరిగ్గా కొట్టేవాడు. ఎవర్నీ మోసం చేయలేదు. కానీ ఒక్కరికీ చదివి వినిపించిందీ లేదు. ఇన్నేళ్లకు అది తట్టి సిగ్గేసింది.

“భీమక్కా, నేను చదువుత, ఇను. అన్నీ నిజమంటేనే టిక్కు పెడత.”

పోయినేటి దరఖాస్తులోంచి దించిన వివరాలు చదవసాగాడు. “తండ్రి ముత్యాలు. కూలిపని.”

“ఆయన లేడు సారూ. వానకాలంల జరమొచ్చి పోయిండు.”

మౌస్ మీద చేయి ఆగిపోయింది. “చెప్పలేదేంది?”

“నువ్వు అడగలే గదా.”

అలాగే పంపి ఉంటే కాగితాలు చూసేటప్పుడు సీటు పోయేది. భీమక్క సంచిలోంచి మరణ ధ్రువపత్రం తీసింది, దాంతోపాటు చిన్న ఫొటో. “పోయినేడు తండ్రి ఫొటో తెమ్మన్నవ్. అదిగూడ తెచ్చిన.”

“ఇప్పుడు ఫారం అది అడగదక్కా.”

ఆమె ఫొటోను కీబోర్డు పక్కన పెట్టింది. కిషన్‌లాల్ వివరాలు సరిచేసి మొదట్నుంచీ చదివాడు. ఒక్కో వరుసకూ ఆమె “అవ్” అంది. అన్నిటికన్నా ఆఖరున టిక్కు పెట్టాడు. నాలుగూ నలభైకి దరఖాస్తు వెళ్లింది.

బస్సు హారన్ కొట్టింది. భీమక్క రసీదు, ధ్రువపత్రం సంచిలో పెట్టుకుని పరుగున వెళ్లి ఎక్కింది. కిషన్‌లాల్ వెనక్కి తిరిగాడు. కీబోర్డు పక్కన ఫొటోలో ముత్యాలు ఉండిపోయాడు, నీలం చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, తడి తలను నున్నగా దువ్వుకుని.